డ్రైవరు వైపు అంగుళంన్నర

పోయిన వారం సంచిక ఏ పొట్లంగానో మారి గడప దాటిపోయిన వాళ్ళ కోసం ముందుగా నాలుగు ముక్కలు.

బండ్ల కింది భాగం పనులు చేసే షెడ్డు ఒకటుంది. నడిపేది ఇద్దరే. తండ్రి పెద్దమేస్త్రి, కూతురు చిన్నమేస్త్రి. ఆడపిల్లని మేస్త్రి అనడమేమిటని మొదట్లో పళ్ళికిలించిన వాళ్ళే ఇప్పుడు బండి కాస్త కుంటితే చాలు, పెద్దాయన్ని పలకరించినట్టే పలకరించి ఆవిడ కోసం వెతుక్కుంటారు. మూడేళ్ళ కిందట చిన్నమేస్త్రి అన్న, కొండదారిలో నీళ్ళ క్యాన్లు వేసే సొంత పికప్ బోల్తాపడి చనిపోయాడు. వెనక ఇరుసు జారిందని కాగితాల్లో రాశారు. ఇరుసుని, బండి బరువు మోసే కమాన్ పట్టీలకి కట్టి ఉంచేవి యూ బోల్టులు. వాటిని ఆ ప్రమాదానికి వారం ముందు బిగించింది చిన్నమేస్త్రే.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. బోల్టు ఆఖరిసారి బిగించాక నట్టు మీదుగా బోల్టు కొస దాకా రంగుతో ఒక గీత గీస్తారు. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. పెద్దమేస్త్రిది ఎరుపు, అన్నది తెలుపు, చిన్నమేస్త్రిది పసుపు. ఆ రోజు తను పసుపు గీత గీసిందా లేదా అన్నది ఆమెకి గుర్తు లేదు. మూడేళ్ళుగా ఆమెని తినేస్తున్న ప్రశ్న అదొక్కటే.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది మొక్కల నర్సరీ ఆయన పాత పికప్. బండి ఎత్తు పెంచే కొత్త సస్పెన్షన్ సామాను తెచ్చి బిగించమన్నాడు. బిగించారు. బండి లేచింది, కానీ వెనక డ్రైవరు వైపు అంగుళంన్నర కిందికే ఉండిపోయింది. పెద్దమేస్త్రి ఆ బండిని వెనక్కి పంపించేయమని మూడుసార్లు చెప్పాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. చిన్నమేస్త్రి వింటేనా? ఎడమ పట్టీలు కుడికి, కుడి పట్టీలు ఎడమకి మార్చింది. వంపు పట్టీలతో పాటు అవతలికి పోతే తప్పు పట్టీలది. పోకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది. టేపు తీసుకుని బండి కింద నుంచి బయటికి వచ్చిందన్న దగ్గర మనం ఆగాం.

* * *

చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు సాగదీసింది చిన్నమేస్త్రి. అవతలి వైపు ఇరవై రెండున్నర. డ్రైవరు వైపు ఇరవై ఒకటి.

బండిని నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి తోయించి, పట్టీలు సర్దుకోనిచ్చి మళ్ళీ కొలిచింది. ఇరవై రెండున్నర, ఇరవై ఒకటి. టైర్లలో గాలి రెండువైపులా ఒక్కటే. షెడ్డు నేల చదునుగా ఉందని మట్టం పెట్టి నిన్ననే చూసుకుంది. పట్టీల కొసల్లోని రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బండి వంకరగా నిలబడుతుందని మొన్న వాటిని వదులు చేసి, బరువంతా చక్రాల మీదికి దింపి, మళ్ళీ బిగించింది. చెయ్యాల్సినవన్నీ చేసేసింది. బండి మాత్రం ఉన్నచోటే ఉంది. పట్టీలు అటూ ఇటూ మారినా వంపు డ్రైవరు వైపే ఉండిపోయింది.

నర్సరీ ఆయన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. మనిషి మంచివాడే, నోరు మాత్రం ఊరుకోదు. "మా ఆవిడ ఈ బండి ఎక్కనంటోందమ్మా," అన్నాడు. "డ్రైవరు సీట్లో ముందే ఎవరో కూర్చుని ఉన్నట్టుందట. ఎవరో బాగా లావుపాటి మనిషట. నాకు పక్కింటాయన గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ ఆవిడ నవ్వలేదు."

చిన్నమేస్త్రి కూడా నవ్వలేదు. టేపు చేతిలో పట్టుకుని డ్రైవరు సీటు వైపు చూసింది. సీటు ఖాళీగా ఉంది, ఉండక ఏమవుతుంది? అయినా చూసింది. బండి అలా ఒకవైపు దిగి ఉంటే లోపల ఎవరో మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని తాపీగా కూర్చున్నట్టే ఉంది. నర్సరీ ఆయన భార్య ఊరికే అనలేదు.

అన్నది భారీ శరీరం. బండి ఎత్తు కొలిచే వేళకి సరిగ్గా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని ఈల వేసుకునేవాడు. కొలతలు తేడాగా వచ్చేవి. చెల్లెలు టేపు విసిరికొట్టి "అన్నయ్యా, దిగు, నీ బరువుతో కలిపి కొలవాలా ఏంటి?" అని అరిచేది. వాడు దిగకుండా ఇంకో ఈల వేసేవాడు. ఆ ఆట ఎన్నిసార్లు ఆడారో లెక్క లేదు. ఇప్పుడు ఆ మాట ఆమె గొంతు దాకా వచ్చేసింది. నర్సరీ ఆయన ఎదురుగా లేకపోతే పైకి అనేసేదే. అనలేదు, టేపు చుట్టేసింది.

"సాయంత్రం రండి," అంది ఆయనతో. "తప్పు పట్టీల్లో లేదు. కింద ఛాసిస్ కొలవాలి."

"ఛాసిస్ అంటే పెద్ద పనేనా?"

"చూశాక చెప్తాను. ఈ బండి మీరు ఎవరి దగ్గర కొన్నారు?"

"పాత బండ్లు బాగుచేసి అమ్మే వాళ్ళ దగ్గర. ఏమ్మా, దొంగ బండా?"

"అలాంటిదేం లేదు. మీరు వెళ్ళి మీ మొక్కల పని చూసుకోండి."

ఆయన వెళ్ళాడు. షెడ్డు మూల పడక్కుర్చీలో మోకాలికి కట్టు కట్టుకుని కూర్చున్న పెద్దమేస్త్రి తల అటు తిప్పుకున్నాడు. రెండు వారాల కిందట మెట్టు మీద జారాడు. అప్పటి నుంచీ వంగలేడు, బండి కిందికి దూరలేడు. కూర్చున్న చోటి నుంచి కళ్ళతోనే పని చేస్తున్నాడు. ఆ కళ్ళు ఈ బండి వచ్చిన రోజు నుంచీ దాని మీద తప్ప అన్నిటి మీదా తిరుగుతున్నాయి.

చిన్నమేస్త్రి లైటు తీసుకుని బండి కిందికి దూరింది. ఏ బండికైనా కింద రెండు పక్కలా పొడవుగా పోయే ఇనప దూలాలుంటాయి. బండి ఆసాంతం నిలబడేది వాటి మీదే, ఛాసిస్ అనేది వాటినే. కమాన్ పట్టీల కొసలు ఆ దూలాలకి వేసిన హ్యాంగర్లలో ఉంటాయి. ఆమె దారానికి తూకపు గుండు కట్టి ఒక్కో హ్యాంగరు నుంచి నేలకి వదిలింది. నేల మీద సుద్దతో గుర్తులు పెట్టింది. గుర్తుల మధ్య మూలమూలకి కొలిచింది. రెండు మూలకొలతలూ కలవలేదు. డ్రైవరు వైపు హ్యాంగరు ఉండాల్సిన చోటికంటే పైకి, కాస్త వెనక్కి ఉంది. హ్యాంగరు పైకి పోతే బాడీ ఆ మేరకి కిందికి దిగుతుంది. అంటే దూలమే వంకర. దాని మీద ఎంత మంచి పట్టీలు పెట్టినా, ఎన్నిసార్లు మార్చినా ఒకటే.

ఒక్క నిమిషం ఆమెకి ప్రాణం తేలికపడింది. సీట్లో ఎవరూ లేరు, ఇనుము వంగిందంతే.

దూలం నిండా దట్టంగా తారు పూసి ఉంది. తుప్పు పట్టకుండా పూస్తారు, లేదా చూడకూడనిది కనబడకుండా పూస్తారు. హ్యాంగరుకి జానెడు ముందు తారు కాస్త ఉబ్బుగా ఉంది. గుడ్డ కిరసనాయిల్లో ముంచి రుద్దింది. గోకుడు రేకు తీసుకుని గోకింది. తారు పొరలు పొరలుగా లేచి మొహం మీద పడుతుంటే ఉమ్ముకుంటూ గోకింది. కింద అతుకు బయటపడింది.

అతుకు ఒకటి కాదు, రెండు. మొదటిది పాతది. దూలానికి అడ్డంగా పై నుంచి కిందికి వేసిన సన్నటి వెల్డింగ్. అది నిలువునా చిరిగిపోయింది. చిరిగిన చోట మధ్యలో ఎవరో తర్వాత కూరినట్టు వేసిన మొరటు వెల్డింగ్ ఉంది. బాగుచేసి అమ్మే వాళ్ళ పని అది. దూలాన్ని సరిగ్గా లాగి నిలబెట్టకుండా దొరికిన వంకరలోనే అంటించేశారు. వంపు అక్కడి నుంచే వచ్చింది.

ఆమె చూపు మాత్రం ఆ మొరటు పని మీద నిలవలేదు. పాత అతుకు చిరిగినా ఇంకా దాని గీతలు స్పష్టంగా ఉన్నాయి. వెల్డింగ్ చేసే వాళ్ళందరి గీతలూ ఒక వైపు వాలితే ఈ గీతలు రెండో వైపు వాలి ఉన్నాయి. ఎడమచేతి వాటం. కిందికి వచ్చి ఆగిన చోట, దర్జీ కుట్టు చివర వెనక్కి రెండు కుట్లు వేసినట్టు, చిన్న మెలిక తిప్పి వదిలిపెట్టి ఉంది. ఆ మెలిక ఆమె చిన్నప్పటి నుంచి చూస్తోంది. ఇంటి గేటుకి ఉంది. తను కూర్చుని చదువుకున్న ఇనప బల్లకి ఉంది. తనకి వెల్డింగ్ నేర్పేటప్పుడు ఎన్నిసార్లు తిప్పి చూపించినా కుడిచేతి వాటం కాబట్టి రాలేదని తను ఏడిస్తే, నవ్విన మనిషి చేతి మెలిక అది.

నాన్న ఈ బండిని ఎప్పుడు చూశాడు? ఛాసిస్ దూలాన్ని అడ్డంగా వెల్డు చెయ్యకూడదని, చేస్తే బరువు మీద ఏదో ఒకరోజు చిరుగుతుందని పిల్లలిద్దరికీ నోరు నొప్పిపుట్టేలా చెప్పినాయన, ఈ పని ఎందుకు చేశాడు?

ఛాసిస్ నంబరు దూలం ముందు భాగంలో గుద్ది ఉంటుంది. చిన్నమేస్త్రి వీపు మీదే పాకుతూ అక్కడికి చేరింది. అక్కడా తారే. గోకింది. ఒక్కో అంకె బయటికి వస్తుంటే ఆమె పెదవులు తరవాతి అంకెని ముందే పలికాయి. ఆ నంబరు ఆమెకి కంఠతా వచ్చు. ప్రమాదం జరిగిన వారంలో పోలీసు కాగితాల మీద, ఆసుపత్రి కాగితాల మీద, ఆ తర్వాత ఎన్నో కాగితాల మీద తన చేత్తోనే రాసింది. రంగు మారింది, బాడీ మారింది, తలుపులు మారాయి, నంబరు ప్లేటు మారింది. దూలం మాత్రం అదే.

ఇది అన్న బండి.

ఆమెకి పైన ఉన్నది అంత బరువున్న ఇనుము కాదు, అన్నే పడుకుని ఉన్నాడనిపించింది. పది రోజులుగా వాడి కిందే దూరి, వాడి ఎముకల మీదే సుత్తితో కొడుతూ, టేపు పెట్టి కొలుస్తూ ఉంది. వాడు ఉలుకూ పలుకూ లేకుండా ఒకవైపు వాలి కూర్చుని తను ఎప్పటికి కనుక్కుంటుందా అని చూస్తున్నాడు. భయం వేసింది. భయం కంటే ఎక్కువగా వాడి మీద బెంగ వచ్చింది. నుదురు దూలానికి ఆనించింది.

అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చి గబగబా బయటికి పాకింది.

పాత యూ బోల్టులు! కొత్త సామాను బిగించేటప్పుడు పాతవి తుప్పుపట్టి నట్లు ఊడిరాకపోతే గ్యాస్ కట్టరుతో బోల్టుల కాళ్ళు కోసి తీసేసింది. కోసిన ముక్కలు నట్లతో సహా షెడ్డు బయట పాత ఇనుము డ్రమ్ములో పడి ఉన్నాయి. ఆ రోజు వాటి వైపు సరిగ్గా చూడనే లేదు. మడ్డీ, తారూ అంటుకుని నల్లగా ఉన్నాయి, ఎవరు చూస్తారు? డ్రమ్ము పక్కకి తోసి బోర్లించింది. నాలుగు యూ బోల్టులు, ఎనిమిది నట్లు. నేల మీద చతికిలబడి ఒక్కోటీ ఒళ్ళో పెట్టుకుని కిరసనాయిలు గుడ్డతో తుడిచింది.

మొదటి నట్టు మీద ఏమీ కనబడలేదు. గోటితో మడ్డి తీసి మళ్ళీ తుడిచింది. పసుపు. నట్టు మీదుగా బోల్టు కొస దాకా, తెగకుండా, విరగకుండా, ఒకే గీత. రెండోదానికీ ఉంది. మూడోదానికి కాస్త చెరిగింది గానీ ఉంది. ఎనిమిదింటికీ ఉంది. అన్నీ తను బిగించిన చోటే ఉన్నాయి. ఒక్కటి కూడా వెంట్రుకవాసి కదల్లేదు.

మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆమె అద్దంలో తన మొహం చూసుకోవడానికి జంకింది. వదిన ఎదురుపడితే నేల చూపులు చూసింది. ఎవరైనా "బాగా బిగించావా?" అని మామూలుగా అడిగినా పానా తీసుకుని అన్నీ మళ్ళీ బిగించింది. పెళ్ళిసంబంధం వస్తే, నేను మనిషిని చంపినదాన్నని అడ్డం తిరిగింది. ఆ ఎనిమిది నట్లనీ ఒళ్ళో పోసుకుని చిన్నమేస్త్రి వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషమే. అన్న పోయిన సంగతి తలుచుకుని సంతోషమేమిటని సిగ్గు కూడా వేసింది. రెండూ కలిపి ఏడ్చింది.

ఏడుపు ఆగాక కోపం వచ్చింది. అది మామూలు కోపం కాదు, అరికాలి నుంచి నెత్తికెక్కింది. నట్లని గుడ్డలో మూటకట్టుకుని లోపలికి వచ్చింది.

పెద్దమేస్త్రి ఆమె మొహం చూశాడు, మూట చూశాడు. పడక్కుర్చీలో ఇంకాస్త లోపలికి జరిగాడు.

ఆమె మూట ఆయన ముందు బల్ల మీద విప్పింది. "ఇవి ఎవరి గీతలు నాన్నా?"

ఆయన ఒక నట్టు అందుకుని వెలుతురుకి తిప్పాడు.

"పసుపు ఎవరిది?"

"నీది."

"ఇది ఎవరి బండి?"

పెద్దమేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. "వచ్చిన రోజే తెలుసుకున్నానమ్మా. రివర్సులో లోపలికి వస్తుంటే వెనక కింద ఆ ఉబ్బు కనబడింది. అందుకే పంపించెయ్యమన్నాను."

"అంటే కిందున్న అతుకు నీదే."

"నాదే."

ఇంత చూశాక కూడా ఆయన కాదంటాడేమోనని ఆమె మనసులో ఎక్కడో ఆశ ఉంది. కాదంటే నమ్మడానికి సిద్ధంగానే ఉంది. ఆయన కాదనలేదు. ఆ ఒక్క మాటతో ఆమె స్టూలు మీద కూలబడింది.

"ఎప్పుడు చేశావు?"

"నువ్వు బోల్టులు బిగించి సామాన్ల కోసం ఊరెళ్ళావు చూడు, ఆ మర్నాడే. వాడే చూశాడు పగులు. చిన్నదే, వేలెడంత. నీళ్ళ క్యాన్లు ఎక్కువ పట్టాలని వెనక పెద్ద చట్రం చేయించాడుగా, ఆ బరువుకి వచ్చింది. ఛాసిస్ మార్చాలిరా అన్నాను. మారిస్తే నెల రోజులు పని ఆగిపోతుంది నాన్నా, ఈ ఎండాకాలం ఒక్కటీ గడవనీ అన్నాడు. బతిమాలాడు." ఆయన మోకాలి కట్టు సర్దుకున్నాడు. "బతిమాలితే మాత్రం? చెయ్యనని చెప్పాల్సింది నేను. నా చెయ్యి మీద నాకు నమ్మకం ఎక్కువైంది. ముప్పై ఏళ్ళుగా నేను వేసిన అతుకు ఒక్కటి విడలేదని విర్రవీగాను."

"ఇది విడింది."

"విడింది."

షెడ్డు రేకుల మీద ఏదో పిట్ట దిగి గోళ్ళతో గీరి ఎగిరిపోయింది. ఇద్దరూ ఆ వైపు చూశారు. పక్కన బండి అంగుళంన్నర వాలి, వింటున్నట్టే ఉంది.

"ప్రమాదమయ్యాక బండి చూడటానికి నేనూ వస్తానన్నాను," అంది చిన్నమేస్త్రి. "నువ్వు చూడలేవమ్మా, వద్దన్నావు. ఒక్కడివే వెళ్ళొచ్చావు. నా మీద ప్రేమ అనుకున్నాను."

"ప్రేమ లేదనకు."

"ఇంటికొచ్చాక గీత గీశానో లేదో గుర్తులేదని నేను గోడకేసి తల బాదుకుంటే నువ్వు చూస్తూ కూర్చున్నావు. నేనే చంపానని వదిన కాళ్ళ మీద పడితే చూస్తూ నిలబడ్డావు. ఆవిడ నన్ను లేవనెత్తి కావలించుకుంటే అప్పుడూ నోరు విప్పలేదు."

"నోటి దాకా వచ్చిందే తల్లీ. ఎన్నిసార్లు వచ్చిందో. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది. తప్పు నీదని మాత్రం నేను ఎన్నడూ అనలేదు."

"కాదని కూడా అనలేదు నాన్నా."

ఆయన ఏడవలేదు. ఏడిస్తే ఆమెకి కాస్త నయంగా ఉండేదేమో. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో దాని వేళ్ళు ఒక్కోటీ పట్టుకుని చూసుకుంటున్నాడు, ఎవరిదో చెయ్యి అయినట్టు. ఈ మనిషిని ఇంక నాన్నా అని పిలవగలనా అని ఆమె తనని తాను అడిగింది. అప్పటికే ఆ పూట రెండుసార్లు పిలిచేసిందని గుర్తుకు రాలేదు.

"లే," అంది చివరికి. "వదిన దగ్గరికి వెళ్దాం. ఈ మాటలన్నీ నీ నోటితో ఆవిడకి చెప్పాలి. నేను చెప్పను."

పెద్దమేస్త్రి లేవలేదు. కూతురికి దొరికిపోయినప్పుడు కూడా లేని భయం ఇప్పుడు ఆ కళ్ళలో కనబడింది.

"వదిన ఇవాళ ఎక్కడికెళ్ళింది?" అన్నాడు.

"ఎక్కడికెళ్తుంది, కొండ మీద హాస్టలుకి నీళ్ళు వెయ్యడానికి. రోజూ వెళ్ళేదే కదా."

"ఏ బండి మీద?"

"ఎన్నున్నాయి ఆవిడకి? అన్న కొన్న రెండో బండి..."

చిన్నమేస్త్రి మాట అక్కడే ఆగింది. అన్న రెండు పికప్‌లు జంటగా కొన్నాడు. ఒకే రోజు, ఒకే రకం. రెండింటికీ ఒకే చోట చట్రాలు చేయించాడు. ఒకటి వాడు నడిపాడు. వాడు పోయాక రెండోదాన్ని వదిన నడుపుతోంది. పెద్దమేస్త్రి ఆదివారం ఆదివారం ఆ బండి తెప్పించుకుని, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూనైనా తనే కిందికి దూరేవాడు. కూతురిని కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కోడలంటే ఎంత ప్రాణమో అని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. చిన్నమేస్త్రి కూడా మెచ్చుకుంది.

"రెండింటికీ ఒకే చోట పగులు వచ్చిందమ్మా," అన్నాడు పెద్దమేస్త్రి. "ఒకే రోజు రెండూ వెల్డు చేశాను."

"మూడేళ్ళుగా తెలిసి ఆ బండి మీద ఆవిడని కొండ ఎక్కనిచ్చావా?"

"బండి ఆపమంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలి కదా. వారం వారం నేనే చూసుకుంటున్నాను, వెంట్రుకంత గీత కనబడినా గ్రైండు చేసి మళ్ళీ అతుకుతున్నాను, ఏం కాదులే అనుకున్నాను. ఈ మోకాలు దెబ్బతిన్నాక..." ఆయన వేళ్ళు మడిచాడు. "రెండు ఆదివారాలు చూడలేదు."

చిన్నమేస్త్రి ఫోను తీసింది. మడ్డి చేతులకి తెర మీద అంకెలు పడలేదు. చొక్కాకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది. మోగుతోంది. బల్ల మీద పెట్టి ఇద్దరికీ వినబడేలా స్పీకరు నొక్కింది. ఆరోసారి మోగాక వదిన ఎత్తింది.

"చెప్పమ్మాయ్," అంది వదిన. గొంతు ఏదో డబ్బాలో నుంచి వస్తున్నట్టు ఉంది.

"వదినా, ఎక్కడున్నావు?"

"కొండ మీదే. సగం ఎక్కాను. నువ్వు చేయడమే మంచిదైంది, నేనే చేద్దామనుకుంటున్నాను. మలుపు తిరిగేటప్పుడు వెనక టప్‌మని చప్పుడైంది. పక్కకి తీసి ఆపాను."

"ఆపావు కదా. బండి దిగావా?"

"దిగకుండా ఎలా చూస్తాను? కింద ఉన్నాను. మీ అన్నయ్య చెప్పేవాడుగా, చప్పుడైతే ఆపి, దూరి, కళ్ళారా చూసుకోమని."

పెద్దమేస్త్రి కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. మోకాలు సహకరించలేదు.

"వదినా, క్యాన్లు దింపావా?" చిన్నమేస్త్రి తన గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటోంది. ఉండటం లేదు.

"అన్నీ నేనొక్కదాన్నే ఎక్కడ దింపను? నిండుగానే ఉన్నాయి. రాళ్ళు పెట్టాన్లే చక్రాలకి, భయపడకు."

"నేను చెప్పేది విను. ఎందుకని అడగకు. ఏదీ ముట్టుకోకు. మెల్లగా వెనక్కి పాకి బయటికి వచ్చెయ్."

"వస్తాలే, ఒక్క నిమిషం. ఇక్కడేదో ఉంది." తారు మీద గోరుతో గీకుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది. "పాత అతుకొకటి కనబడుతోంది. మామయ్య చేతి పనిలా ఉందే. ఇదెప్పుడు చేశారు? నాకు ఎవరూ చెప్పనే లేదు."

"అమ్మా, బయటికి రా!" పెద్దమేస్త్రి కట్టు కట్టిన కాలి మీదే నిలబడిపోయి అరిచాడు. "అతుకు సంగతి తర్వాత చెప్తాను, అంతా చెప్తాను, బయటికి రా తల్లీ!"

ఫోనులో ఇనుము సన్నగా మూలిగింది. వదిన ఇంకా అక్కడే ఉంది.

"మామయ్యా," అంది, "ఇది విచ్చుకుంటోంది."